పేరు పెట్టి ఏడవని చలికాలం

నేను యుద్ధంలో చచ్చిపోయానని తంతి వచ్చేటప్పటికి నేను మా పెరట్లో గేదెకి కుడితి కలుపుతున్నాను.

డెబ్భై ఒకటి డిసెంబరు. యుద్ధం ఆగిపోయిందని రేడియో చెప్పి ఎన్నాళ్లో కాలేదు. అంతకుముందు రెండు వారాలు విశాఖపట్నం అంతా చీకట్లో కూర్చుంది. కిటికీలకి నల్లకాగితాలు, లారీ దీపాలకి నల్లరంగు, ఎవడైనా బీడీ వెలిగిస్తే పక్కింటివాడు తిట్టడం. ఇప్పుడు గోపాలపట్నంలో ఆ కాగితాలు చించి వీధిలో మంటలు వేస్తున్నారు, టపాసులు కాలుస్తున్నారు. మనం గెలిచామట. నిజమే, గెలిచాం.

తంతి పట్టుకొచ్చిన మనిషి సైకిలు దిగకుండానే అడిగాడు, గవర్రాజు ఇల్లు ఇదేనా అని. మా నాన్న పాలు పోయడానికి వెళ్లాడు. అమ్మ చేతుల బూడిద దులుపుకుంటూ బయటికి వచ్చింది. అతను కాగితం చదివి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పడానికి ఇబ్బంది పడి, చివరికి చెప్పేశాడు. సిపాయి శ్రీరామ్మూర్తి తూర్పు సరిహద్దులో వీరమరణం పొందాడు.

అమ్మ అతని వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత నవ్వింది. ఒట్టు, నవ్వింది.

"ఓలమ్మ, గుండె ఆగినంత పనయింది బాబూ. శ్రీరామ్మూర్తంటే మా పెద్దోడు. అదిగో, కుడితి కలుపుతన్నాడు. ఏ ఊరి శ్రీరామ్మూర్తిదో, పాపం, ఆ కన్నతల్లికి పట్టుకెళ్లండి. ఉండండి, మజ్జిగ తాగెల్దురు."

ఆమె మజ్జిగ కోసం లోపలికి తిరిగేసరికి నాన్న ఖాళీ క్యానుతో వచ్చాడు. నేను చెప్పక్కర్లేకపోయింది. తంతి మనిషి ముఖం, నా ముఖం చూసి గేదెల కొట్టం గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు. అమ్మ ఆయన్ని చూసింది. నవ్వు ఇంకా మూతి మీద ఉండగానే ఆమెకి తెలిసింది.

"ఓరి నా ఎల్లా..."

నాన్న లేచి ఒక్క ఉరుకున వచ్చి ఆమె నోరు నొక్కేశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆమె మీద చెయ్యి చేసుకోగా నేను చూడలేదు.

"పేరు సెప్పకే. పేరు సెప్పి ఏడవకే దేముడమ్మా. అందరం మునిగిపోతాం."

తంతి మనిషి వింతగా చూశాడు. నాన్న అతనితో, "పోయినోడు మా పెద్దోడు బాబూ. ఈడు రెండోవోడు" అన్నాడు. నా కుడితి చెయ్యి తొట్టిలోనే ఉంది.

సంగతి ఇది. మా తమ్ముడు ఎల్లాజీ నాలుగో తరగతిలో బడి మానేశాడు. నేను సబ్బవరం హైస్కూల్లో పదో తరగతి తప్పి, పుట్టినతేదీ రాసిన సర్టిఫికెట్టు ఒకటి మాత్రం తెచ్చుకున్నాను. ఓడల మీద కళాసీ పనికి దానితో అవసరం పడలేదు. నన్ను కండ చూసి తీసుకున్నారు. తమ్ముణ్ణి మిలట్రీకి తీసుకెళ్లిన రోజున వాడికి పదహారు దాటి కొద్ది నెలలు. వయసు చాలదని మా నాన్న పెట్టె తీసి నా సర్టిఫికెట్టు వాడి చేతిలో పెట్టాడు. అన్నయ్య చొక్కా తమ్ముడు వేసుకున్నట్టే అనుకున్నాం. మా వీధిలో అన్న సర్టిఫికెట్టుతో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఎంతమందో. అదొక నేరమని ఎవరికీ తోచలేదు.

సెలవు మీద వచ్చినప్పుడు వాడే చెప్పి నవ్వేవాడు. "అక్కడ నన్ను శ్రీరామ్మూర్తీ అని కేకేత్తే ముందర్లో పలికీవోణ్ణి కాదన్నియ్యా. నువ్వేమైనా ఎనకాలొచ్చినావేమోనని తిరిగి సూసీవోణ్ణి."

వాడి పక్కన పోరాడినవాళ్లకి గాని, వాడికి అక్కడే నిప్పు పెట్టినవాళ్లకి గాని వాడి పేరు తెలీదు. ఈ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా వైపు ఆడవాళ్లు మౌనంగా ఏడవరు. జుట్టు ముడి విప్పి, నేల మీద కూర్చుని, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, వాడు పుట్టిన దగ్గర్నించి తిన్నది, తిరిగింది, అలిగింది అంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, కావిలించుకుని, తలా ఒక మాట అందిస్తారు. చదువు లేని మనిషికి కూడా ఆ ఒక్కరోజు తన చరిత్ర ఎవరో ఒకరు పైకి చదువుతారు. పేరు పెట్టి ఏడవకపోతే మాకు అది ఏడుపు కింద లెక్క కాదు. ఎల్లాజీ పోయిన వేళ మా అమ్మ గోడ వైపు తిరిగి, పమిట చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పరామర్శకి వచ్చిన రామలక్ష్మమ్మ పిన్ని అలవాటు చొప్పున "ఓరి నాయనా ఎల్లా..." అని ఎత్తుకోబోతే అమ్మే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

వీధి వీధంతా తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ మంచితనాన్ని నేను కాదనను.

అయితే ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెత అచ్యుతరామయ్య లాంటివాడు పక్కన లేనప్పుడు పుట్టి ఉంటుంది. ఈయన గోదావరి జిల్లా నించి వచ్చి గోపాలపట్నంలో బియ్యం మిల్లు పెట్టి, మార్చిలో వచ్చే ఎలక్షన్లకి నిలబడాలని తెల్లబట్టలు కుట్టించుకుని తిరుగుతున్న మనిషి. యుద్ధం గెలిచిన ఏడాది. ఓట్లడగడానికి ఒక జవాను కావాలి. బతికిన జవాను ఎదురు మాట్లాడతాడు, చచ్చినవాడైతే మేలు. మా ఇల్లు దొరికింది.

ఊరి పక్క వాగు, మా గెడ్డ ఒడ్డున పెద్దకర్మ చేస్తుంటే జీపులు వేసుకుని వచ్చాడు. దండలు, జెండాలు, ఫొటో తీసేవాడు. కర్మ చేయించే దాసరి పిండాలు సర్దుకుని, "పోయినవారి పేరు సెప్పండి" అని నాన్నని అడిగాడు. నాన్న నా వంక చూశాడు. అచ్యుతరామయ్యే వెనకనించి చెప్పాడు, గట్టిగా, మీటింగులో చెప్పినట్టు.

"వీరజవాను శ్రీరామ్మూర్తి."

దాసరి నా పేరు మూడుసార్లు పిలిచి పిండం పెట్టించాడు. నేను రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. బతికుండగా పిండం చూసుకున్నవాణ్ణి కనక చెబుతున్నాను, అన్నం ముద్దలో నువ్వులు ఎక్కువయ్యాయి. కాకి రాలేదు. ఆ జీపుల మోతకి గద్ద కూడా రాదు. "ఏదో తీరని కోరిక ఉంది" అన్నారు ఎవరో. "స్మారకం కట్టిస్తాం, జంక్షన్లో, పాలరాయితో" అని అచ్యుతరామయ్య కాకులకి వాగ్దానం చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఏడాది కిందట ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన రాయి వేసినప్పుడూ ఇలాగే కొట్టారు. మా వైపు జనానికి రాయి వేస్తే చాలు.

అమ్మ నా పక్కన నిలబడి నెమ్మదిగా అంది: "పేరెట్టి పిలిత్తే గదరా వొత్తాడు. నిన్ను పిలుత్తంటే ఆడెందుకొత్తాడు."

మర్నాడు అచ్యుతరామయ్య ఒక్కడే వచ్చాడు. నవ్వుతూ మంచం మీద కూర్చున్నాడు. ఇలాంటి కబురు అతనికి చేరకుండా ఎలా ఉంటుంది.

"చూడండి గవర్రాజు గారూ, నాకు అంతా తెలుసండి. నేనేమీ తప్పు పట్టట్లేదు. కాని ఇది పైకి పొక్కిందనుకోండి, మిలట్రీని మోసం చేసినందుకు మిమ్మల్ని లోపల వేస్తారండి. దానికేముంది, మీరు పెద్దవారు, భరిస్తారు. ఆ కుర్రాణ్ణి దొంగపేరుతో చేరినవాడని రాసేస్తారు. ప్రాణం ఇచ్చినవాడికి దొంగ అన్న పేరు మిగుల్తుందండి. మీకు ఇష్టమేనా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు.

"అయితే నా మాట వినండి. శ్రీరామ్మూర్తి పోయాడు. ఇతను ఎల్లాజీ. అంతే. ఎలక్షన్ల దాకా అమ్మగారు నాతో నాలుగు మీటింగులకి వస్తే చాలండి. అమ్మగారు మాట్లాడక్కర్లేదు. కూర్చుంటే చాలు."

"నా పేరు మార్చడానికి నువ్వెవడివి?" అన్నాను.

అతను నా వైపు తిరగలేదు. నాన్నతోనే అన్నాడు: "మీ ఎల్లాజీకి కొంచెం కోపం ఎక్కువలాగుందండి."

అతను వెళ్లాక నేను నాన్న మీద పడ్డాను. ఆ కర్మ నువ్వు చేసిందే, ఆ సర్టిఫికెట్టు నువ్వు తీసిందే, ఇప్పుడు ఆ మిల్లువాడి కాళ్ల దగ్గర కూర్చుంటావా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన అంతా విని ఒకటే మాట అన్నాడు.

"జైలుకి నాను బయపడతన్నానా? నన్ను ఉరేసుకోమను, ఏసుకుంటాను. ఆణ్ణి దొంగన్నారంటే నాను ఇనలేనురా."

 ఆ మిల్లువాడు సరిగ్గా ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కాడు.

పోర్టులో మా మేస్త్రీకి కూడా అతని కబురు అందింది. పొద్దున్న హాజరు పిలుస్తూ, నా వంతు వచ్చేసరికి కాస్త ఆగి, "ఎల్లాజీ" అన్నాడు. నేను పలకలేదు. మళ్లీ పిలిచాడు. పలకలేదు. ఆ రోజు పని లేదు పొమ్మన్నాడు. రెండో రోజూ అంతే. వెంట పనిచేసే జగ్గారావు భుజం తట్టి, "ఏటి బావా, సచ్చినోడివి డూటీకి రావడమే ఎక్కువ, మళ్లా పంతమేటి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు. మూడో రోజు మేస్త్రీ "ఎల్లాజీ" అన్నాడు.

"ఉన్నానండి" అన్నాను.

ఆ రోజంతా బస్తాలు మోశాను గాని ఎన్ని మోశానో, ఏ ఓడకి మోశానో నాకు తెలీదు. వాడు లేడు, వాడి పేరుతో నేను ఉన్నానంటున్నాను. ఇంతకంటే పాడు మాట నేను జన్మలో ఆడలేదు.

ఇంట్లో నా భార్య చిలకమ్మ కష్టం వేరు. కుళాయి దగ్గర ఒకావిడ వేళాకోళానికి, "సిలకమ్మా, నువ్విప్పుడు ముత్తయిదువువా, ఇదవరాలివా? మరిదితో కాపరమా?" అని అడిగిందట. చిలకమ్మ నిండు బిందె ఆవిడ కాళ్ల మీద వదిలేసి ఇంటికి వచ్చింది. "నానింక ఆ కుళాయికెల్లను. నీ పేరు నువ్వు తెచ్చుకో, లేపోతే నన్ను మా అమ్మోలింటికి అంపీ" అంది. కోపంతో మాట్లాడుతూనే వేడినీళ్లు కాచి నా భుజానికి కాపడం పెట్టింది.

అన్నిటికంటే నేను భరించలేనిది మీటింగులు. అమ్మకి కొత్త చీర కొనిచ్చి జీపు ముందు సీట్లో కూర్చోబెట్టేవారు. స్టేజీ మీద కుర్చీ వేసేవారు. వెనకాల ఎల్లాజీ ఫొటో, మిలట్రీ టోపీతో, కింద నా పేరు. అచ్యుతరామయ్య మైకు పట్టుకుని ఊగిపోయేవాడు. "చూడండి ఈ తల్లిని. కన్నకొడుకు దేశానికి బలైతే ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదండి. ఒక్క ఏడుపు ఏడవలేదు. ఇదీ వీరమాత అంటే." జనం లేచి నిలబడి దండాలు పెట్టేవారు. మా అమ్మ నోరు ఎందుకు మూతపడిందో, ఎవరు మూశారో తెలిసినవాళ్లం అక్కడ నలుగురమో అయిదుగురమో.

ఇంటికి వచ్చాక ఆమె అన్నం తినేది కాదు. మెడ దగ్గర ఏదో అడ్డం పడ్డట్టు చెయ్యి పెట్టుకుని కూర్చునేది. మాఘమాసానికి మనిషి సగమైంది. డాక్టరు చూసి గొంతులో ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోవడమేమిటి, అక్కడ పందొమ్మిదేళ్ల కొడుకు ఉన్నాడు.

"ఒక్కపాలి ఆ కొండవతలకి తీసికెల్లరా. ఎవులూ ఇనరు. ఒక్కపాలి ఏడిసీసి వొచ్చెత్తాను" అని నన్ను అడిగింది ఒకరోజు.

తీసుకెళ్లాను. సింహాచలం కొండ వెనక జీడితోటల్లో కూర్చోబెట్టాను.  నోరు తెరిచింది, మూసింది. "రాదురా. మడుసులు లేని సోట ఏటని ఏడుత్తాను. ఎవులితో సెప్పుకుంటాను" అని లేచింది. దిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది, ముసలిదానిలాగ. ఆమెకి అప్పటికి యాభై నిండలేదు.

ఓట్లు పడడానికి కొద్ది రోజుల ముందు జంక్షన్లో రాయి సిద్ధమైంది. ఎర్రటి ఎండలో షామియానా వేశారు. ఎడ్లబళ్ల మీద, లారీల మీద చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని తోలారు. మా వీధి ఆడవాళ్లు ఒక పక్కగా కూర్చున్నారు. నాన్న ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, ఎవరిదో పెళ్లికి వచ్చినట్టు ఇబ్బందిగా ఉన్నాడు. నన్ను స్టేజీ మీద అమ్మ వెనకాల నిలబెట్టారు. "అమరవీరుని తమ్ముడు ఎల్లాజీ" అని మైకులో పిలిచి నాకూ దండ వేశారు.

అచ్యుతరామయ్య అమ్మ చేత ముసుగు గుడ్డ లాగించాడు. పాలరాయి తళతళలాడింది. చప్పట్లు. అమ్మకి అక్షరం రాదు. ఆ చెక్కిన గీతల మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"ఏటి రాసినారు?"

"నా పేరు."

"ఇందలో మన సిన్నోడు యాడున్నాడు?"

"యాడా లేడమ్మా."

ఆమె తలాడించింది. అంతకు మించి ఏమీ లేదు. తర్వాత అచ్యుతరామయ్య వైపు తిరిగి, "ఒక మాట సెప్పుకోనా బాబూ" అని అడిగింది. అతనికి సంతోషమైంది. వీరమాత ఇన్నాళ్లకి నోరు విప్పుతోంది, అదీ ఓట్ల వారంలో. తనే మైకు దించి ఆమె నోటి ఎత్తుకి పెట్టాడు.

అమ్మ నిలబడలేదు. ఆ రాయి కింద నేల మీద కూలబడి, చేత్తో జుట్టు ముడి లాగేసింది. మైకు పట్టుకున్న కుర్రాడు ఏం చెయ్యాలో తెలీక దాన్ని ఆమెతోపాటు కిందికి దించాడు.

"ఓరి నా ఎల్లాజీ... ఓరి నా సిన్న తండ్రీ... గెడ్డ నీల్లకి లాగు తడుత్తాదని నా సంకెక్కినావు గదరా ఎల్లాజీ... సంతలో సెప్పుల జోడు కొంటానంటే అన్నియ్యకి కొనమన్నావు గదరా... పరాయి పేరు తొడుక్కోని పరాయి దేశమెల్లినావు గదరా... ఆకలేసినపుడు నిన్ను ఏ పేరెట్టి పిలిసినారురా, దాగమేసినపుడు ఏ పేరున పిలిసినారురా ఎల్లాజీ..."

నాలుగు వైపులా కట్టిన మైకులు ఆ పేరుని గోపాలపట్నం మొత్తానికి వినిపించాయి. బస్సులు ఆగాయి.  అచ్యుతరామయ్య ఒక్క క్షణం తెల్లబోయాడు గాని తెలివైనవాడు, రెండో మైకు అందుకున్నాడు.

"ముద్దుపేరండి. తల్లి హృదయం చూడండి. వీరజవాను శ్రీరామ్మూర్తిని ఇంట్లో ఎల్లాజీ అని ముద్దుగా..."

నేను అతని చేతిలోంచి మైకు లాక్కున్నాను. లాక్కున్నప్పుడు అతని వేళ్లు నలిగాయి, దానికి నేను విచారించలేదు.

"ముద్దుపేరు కాదు. శ్రీరామ్మూర్తిని నాను. బతికే ఉన్నాను. పోర్టులో కళాసీని. పోయినోడు నా తమ్ముడు ఎల్లాజీ. ఈడు సాలక నా సర్టిఫికెట్టు మీద మిలట్రీలో సేరినాడు. పేరు నాది. పేనం ఆడిదే. ఆణ్ణి ఎవుడైనా దొంగంటే ముందలికొచ్చి నా మొకం మీద అనండి."

ఎవరూ ముందుకి రాలేదు. మైకు కోసేశారు. స్టేజీ మీద పెద్దమనుషులు ఒక్కొక్కరే జీపుల వైపు జారుకున్నారు. జనంలోంచి నాన్న లేచి రావడం చూశాను. అమ్మ నోరు మళ్లీ మూస్తాడనుకుని అడ్డం వెళ్లాను. ఆయన నన్ను పక్కకి తప్పించి, ఇస్త్రీ చొక్కాతో ఆ మట్టిలో ఆమె పక్కన కూర్చుని, ఊడిన జుట్టు ఆమె ముఖం మీద పడకుండా వెనక్కి పట్టుకున్నాడు. రామలక్ష్మమ్మ పిన్ని వచ్చి అమ్మని కావిలించుకుని గొంతు కలిపింది. తర్వాత చిలకమ్మ. తర్వాత కుళాయి దగ్గర వేళాకోళమాడినావిడ కూడా. లారీల మీద వచ్చిన ఊళ్ల ఆడవాళ్లు, వాణ్ణి ఎన్నడూ చూడనివాళ్లు, దిగి వచ్చి "ఎల్లాజీ, ఎల్లాజీ" అని ఏడ్చారు. మైకు అక్కర్లేకపోయింది.

అచ్యుతరామయ్య ఎలక్షన్లో గెలిచాడు. అదేం వింత కాదు. ఆ పాలరాయి అక్కడే ఉంది, దాని మీద నా పేరూ ఉంది. పై అధికారులు వచ్చి విచారణ చేశారు. నాన్నని నాలుగు ఆఫీసుల చుట్టూ తిప్పారు గాని లోపల వెయ్యలేదు. అమ్మకి వస్తుందన్న పింఛను రాలేదు. చివరికి ఎల్లాజీని ఏమని రాసుకున్నారో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ మీటింగు మర్నాటి పొద్దున్న నాన్న పాలు పోయడానికి వెళ్లలేదు. ఒంటి మీద తువ్వాలుతో వీధి అరుగు మీద కూర్చున్నాడు, చావు జరిగిన ఇంటి పెద్ద కూర్చున్నట్టు. లోపల అమ్మ ఇంకా ఏడుస్తోంది, బొంగురు పోయిన గొంతుతో. అటుగా వెళ్తున్న జగ్గారావు సైకిలు ఆపి, ఏం జరిగిందో తెలిసీ తెలియనట్టు, "ఏటి మాఁవా, ఇలాగ కూకున్నావ్?" అని అడిగాడు.

నాన్న జరిగి అతనికి అరుగు మీద చోటు ఇచ్చాడు.

"మా సిన్నోడు పోయినాడురా. ఎల్లాజీ. నిన్ననే తెలిసింది."